భవనం మనది, పెత్తనం ఎవరిది?

2018 జనవరి 1న తెలంగాణ రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఆ రోజుల్లో ప్రభుత్వం, విద్యుత్ సిబ్బంది రైతులను బతిమాలిన పని ఒకటుంది: బోరు దగ్గర బిగించుకున్న ఆటో స్టార్టర్లు తీసేయండని. ఎందుకు తీసేయాలో నిజామాబాద్ జిల్లా నవీపేట్, ఎడపల్లి, రెంజల్ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. ఆటోలో పెట్టి వదిలేసిన మోటారు మనిషి కోసం ఆగదు. కరెంటు పోయి తిరిగి రాగానే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లోడంతా ఒక్క ఉదుటున పడి ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. అది కాలకపోతే, నిండిన మడిలోకే రాత్రంతా నీళ్లు పారి బోరు అడుగంటుతుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని కాలంలో ఆ డబ్బా అవసరమై పెట్టుకున్నదే. కాలం మారినా మీట పాత చోటే ఉండిపోయింది, ఇబ్బంది అక్కడ వచ్చింది.

అలాంటి మీటే ఇప్పుడు పట్టణాల్లోని పెద్ద భవనాల్లోకి చేరింది. ఆటో స్టార్టర్ కళ్లెదుట ఉండేది, లైన్‌మన్ వచ్చి చూపించి తీయించగలిగాడు. భవనాల్లోని మీట ఒక సెట్టింగుల పేజీలో ఉంటుంది. దాన్ని ఎవరు ఏ స్థానంలో పెట్టి వెళ్లారో భవనం యజమానికి తెలియదు, అద్దెకున్నవాళ్లకు తెలియదు, చాలా చోట్ల ఎలక్ట్రీషియన్‌కూ తెలియదు. ఈ తెలియకపోవడం గురించే ఈ హెచ్చరిక.

నిజామాబాద్ రూపు గత కొన్నేళ్లలో మారింది. సమీకృత జిల్లా కార్యాలయాల సముదాయం 2022 సెప్టెంబరులో, ఐటీ హబ్ 2023 ఆగస్టులో ప్రారంభమయ్యాయి. జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం 2025 జూన్‌లో వచ్చింది. వీటిలో ఫలానా దాంట్లో లోపముందని అనడం మా ఉద్దేశం కాదు. ప్రభుత్వ కట్టడాలైనా, వాటి చుట్టూ లేస్తున్న ప్రైవేటు ఆస్పత్రులు, హోటళ్లు, కోల్డ్ స్టోరేజీలు, కళాశాలలైనా, ఇకమీదట కట్టేవన్నీ వెనకటి కట్టడాల్లాంటివి కావన్నదే విషయం. ఇంధన పొదుపు భవన నిబంధనావళి అమల్లో ఉంది. కరెంటు బిల్లు యజమాని నెత్తిన కూర్చుంది. ఏసీ ప్లాంటు, నీటి పంపులు, లైట్లు, జనరేటర్ అన్నిటినీ మనిషి తిరిగి తిరిగి ఆన్, ఆఫ్ చేసే రోజులు పోయి, ఆ పని కంట్రోలర్లకు అప్పజెప్పే రోజులు వచ్చాయి. ఇది మంచిదే. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఊళ్లో ఖాళీ గదులకు చల్లదనం పంపడం ఎవరికీ లాభం కాదు.

ఆ కంట్రోలర్ ఎలా ఉంటుందో దగ్గరికి వెళ్లి చూద్దాం. పైకప్పు మీది ప్లాంట్ రూములోనో, బేస్‌మెంట్‌లోనో గోడకు బిగించిన ఇనుప ప్యానెల్ ఒకటి ఉంటుంది. తలుపు తీస్తే వరుసగా రిలేలు, టెర్మినల్ బ్లాకులు, 24 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, వాటి నడుమ అరచేయంత కంట్రోలర్. దాన్నుంచి మెలితిప్పిన రెండు తీగల జత బయల్దేరి అంతస్తు అంతస్తునా ఉన్న ఏసీ యూనిట్లను, చల్లనీటి వాల్వులను, లైట్ల ప్యానెళ్లను పలకరించుకుంటూ పోతుంది. ఒక్కో పరికరానికి ఒక్కో చిరునామా. హ్యాండోవర్‌కు ముందు కాంట్రాక్టర్ పంపిన కుర్రాడు ఆ ప్యానెల్ ముందు నేల మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తగిలిస్తాడు. పై అంతస్తులో ఇంకొకడు నిచ్చెనెక్కి, ఫాల్స్ సీలింగ్ పలక పక్కకు జరిపి, ఒక్కో యూనిట్ మీద సర్వీస్ పిన్ అనే చిన్న బటన్ నొక్కుతుంటాడు. నొక్కినప్పుడల్లా కింద తెరమీద ఒక పరికరం పేరు తేలుతుంది. ఫోనులో "వచ్చిందా?" "వచ్చింది, ఇంకోటి నొక్కు" అనే మాటలు. సాయంత్రంలోగా పని ముగించాలి, రాత్రి బండికి హైదరాబాద్ వెళ్లిపోవాలి.

ఆ తొందరలో సెట్టింగుల పేజీలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఈ నెట్‌వర్క్ నిర్వహణ ఏ పద్ధతిలో? లాన్‌వర్క్స్ అనే వ్యవస్థ మీద నడిచే ఒక పేరున్న కంట్రోలర్‌లో ఈ ప్రశ్నకు మూడు జవాబులుంటాయి. ఒకటి స్టాండలోన్: కంట్రోలరే స్వయంగా పెత్తనదారు, చిరునామాలు ఇచ్చేదీ రాసుకునేదీ అదే. రెండోది ఎల్ఎన్ఎస్ ఆటో: పెత్తనం వేరే కంప్యూటర్‌లోని డేటాబేస్‌ది, ఇక్కడ చేసిన ప్రతి మార్పూ వెంటనే అక్కడ నమోదవుతుంది. మూడోది ఎల్ఎన్ఎస్ మాన్యువల్: పెత్తనం డేటాబేస్‌దే, కాని మనం సమన్వయం చేయమన్నప్పుడే రెండింటి లెక్కలూ కలుస్తాయి. ఇతర కంపెనీల సరుకులో పేర్లు వేరుగా ఉంటాయి. ఇప్పుడు వాటికి తోడు క్లౌడ్ వచ్చింది. అంటే పెత్తనం భవనంలోనే ఉండదు, కంపెనీ సర్వర్‌లో ఉంటుంది.

ఇందులో ఏది మంచిదంటే ఒక్క జవాబు లేదు. ఒకే తీగ మీద కొద్ది పరికరాలున్న క్లినిక్‌కో బ్యాంకు శాఖకో స్టాండలోన్ చక్కగా సరిపోతుంది. వేరే కంప్యూటర్ అక్కర్లేదు, దాని లైసెన్సూ అక్కర్లేదు. రౌటర్లతో అంతస్తులుగా విడగొట్టిన ఆస్పత్రికి అది చాలదు, డేటాబేస్ ఉండి తీరాలి. అయితే ఎంపిక భవనం అవసరాన్ని బట్టి జరగాలి. నేల మీద కూర్చున్న కుర్రాడు బండి టైమును బట్టి చేసేస్తే, పెట్టెలోంచి వచ్చేటప్పుడు ఏ గడి టిక్కు పెట్టి ఉందో అదే పదేళ్లు మిగులుతుంది. ఆ కుర్రాణ్ని తప్పుపట్టి లాభం లేదు. ఎంపిక చేయాల్సినవాళ్లు ఆ గదిలోకే రాలేదు.

తప్పు ఎంపికలో మొదటి ప్రమాదం ఇద్దరు పెత్తనదార్లు తయారవడం. మొదట స్టాండలోన్‌లో పెట్టి నడిపిస్తారు. రెండేళ్లకు పక్క బ్లాకు కడతారు. కొత్త కాంట్రాక్టర్ తన ల్యాప్‌టాప్‌లో కొత్త డేటాబేస్ తెరిచి, పాత పరికరాలకు కూడా తన లెక్క ప్రకారం చిరునామాలు ఇచ్చేస్తాడు. పాత కంట్రోలర్‌కు ఈ సంగతి తెలియదు, తన పట్టికలో ఉన్న చిరునామాకే ఆజ్ఞలు పంపుతుంటుంది. ఒకే ఊరికి ఇద్దరు పట్వారీలు రెండు పహాణీలు రాస్తే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. రెండో అంతస్తు వాల్వుకు వెళ్లాల్సిన ఆజ్ఞ నాలుగో అంతస్తు ఫ్యానుకు వెళ్తుంది. ఒకే నంబరు రెండు పరికరాలకు పడుతుంది. భవన పరికరాలు మాట్లాడుకునే మరో పద్ధతి అయిన బ్యాక్‌నెట్ వ్యవస్థలోనూ ఈ బెడద ఉంది. అక్కడ ఒకే నంబరున్న రెండు పరికరాలు ఒకదాని మాటకు ఇంకొకటి జవాబిస్తాయి. ప్రకటనలను నెట్‌వర్కుల మధ్య చేరవేసే యంత్రాన్ని అవసరానికి మించి పెడితే, అవే ప్రకటనలు చుట్టూ తిరిగి తిరిగి తీగంతా నిండిపోతుంది. బయటికి మాత్రం కనిపించేది ఒక్కటే: ఏసీ సరిగ్గా పనిచేయడం లేదు. మెకానిక్ వచ్చి గ్యాసు నింపి, బిల్లు తీసుకుని వెళ్తాడు.

రెండో ప్రమాదం ఇంతకంటే నిశ్శబ్దంగా వస్తుంది, మా లెక్కలో ఇంతకంటే పెద్దది కూడా. లాన్‌వర్క్స్ వ్యవస్థకు ఒక మంచి గుణం ఉంది. ఏ పరికరం ఏ పరికరంతో మాట్లాడాలో ఒకసారి రాసిపెడితే, ఆ రాత పరికరాల సొంత జ్ఞాపకంలో ఉండిపోతుంది. తర్వాత డేటాబేస్ ఉన్న కంప్యూటర్ ఆపేసినా భవనం నడుస్తూనే ఉంటుంది. ఈ మంచి గుణమే మోసం చేస్తుంది. కాంట్రాక్టర్ డేటాబేస్ ఇవ్వకుండా వెళ్లిపోయినా ఎవరికీ తెలియదు. ఏడాది, రెండేళ్లు, అయిదేళ్లు ఏమీ కాదు. ఒక వానాకాలం పిడుగు పడి రెండు కంట్రోలర్లు కాలుతాయి. కొత్తవి తెచ్చి బిగించిన రోజున ప్రశ్న వస్తుంది: వీటికి ఏం రాయాలి? రాసిన లెక్క ఏ కంప్యూటర్‌లో ఉంది? ఆ ల్యాప్‌టాప్ ఉద్యోగం మానేసిన కుర్రాడితో పోయి ఉంటుంది, లేదా ఫార్మాట్ అయి ఉంటుంది. అప్పుడిక ప్రతి అంతస్తులో మళ్లీ నిచ్చెనెక్కి, ప్రతి పలకా జరిపి, ప్రతి బటనూ నొక్కి మొదటి నుంచి లెక్క రాసుకోవాలి. రోగులున్న వార్డులో ఆ పని ఎలా చేస్తారు?

కంపెనీ ఉంది కదా, అది చూసుకుంటుంది అని ధీమాగా ఉండే వీల్లేదు. లాన్‌వర్క్స్‌ను పుట్టించిన ఎషలాన్ కంపెనీని 2018లో అడెస్టో కొంది. అడెస్టోను 2020లో డయలాగ్ కొంది. డయలాగ్‌ను 2021లో రెనెసాస్ కొంది. మూడేళ్లలో ముగ్గురు యజమానులు. ఇందులో ఎవరి నేరమూ లేదు, సాంకేతిక వ్యాపారం అలాగే నడుస్తుంది. కాని భవనానికి ఆయుష్షు యాభై ఏళ్లు. దాని తాళం చెవిని మూడేళ్లలో మూడుసార్లు చేతులు మారే చోట దాచుకోవడం తెలివైన పని కాదు.

యజమానిగా పేరుండటం వేరు, నిర్ణయం చేతిలో ఉండటం వేరన్న పాఠం ఈ ప్రాంతానికి కొత్త కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1930ల చివర్లో నిజాం కాలంలో లేచిన చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు తన యంత్రాన్ని తానే నడిపింది, తానే బాగుచేసుకుంది. ఆ పనిలో తరతరాల ఫిట్టర్లు, టర్నర్లు తయారయ్యారు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. ప్రభుత్వం 49 శాతంతో మిగిలింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ నోటీసు పడినప్పుడు ఆ 49 శాతం దాన్ని ఆపలేదు. చెరుకు రైతు పక్క జిల్లాల ఫ్యాక్టరీల వైపు, చివరికి వరి వైపు తిరిగాడు. ఫ్యాక్టరీ మూతకూ కంట్రోలర్ సెట్టింగుకూ పోలికేమిటని కొందరు నవ్వవచ్చు. పరిమాణంలో పోలిక లేదు. తాళం ఎవరి దగ్గరుందో ముందుగా చూసుకోని గుణం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఇక మూడో ప్రమాదం, ఎవరో బయటివాడు వచ్చి తాళం మార్చేయడం. ఇది ఊహ కాదు. 2021 అక్టోబరులో జర్మనీలో ఒక కార్యాలయ భవనంలో ఇది జరిగింది. ఆ భవనంలో కేఎన్ఎక్స్ అనే వ్యవస్థ మీద లైట్ల స్విచ్‌లు, మనిషి కదలికను పసిగట్టే సెన్సర్లు, కిటికీ షట్టర్లు నడిచేవి. నెట్‌వర్క్‌ను దూరం నుంచి చూసుకోవడానికి ఇంటర్నెట్ వైపు ఒక పోర్టు కాపలా లేకుండా తెరిచి ఉంచారు. దాని గుండా ఎవరో లోపలికి వచ్చారు. పరికరాల్లోని పనితీరు రాతలను చెరిపేశారు. ఊరుకోకుండా, ఆ పరికరాలకే ఉండే బీసీయూ కీ అనే తాళం తామే వేసి వెళ్లారు. ఆ తాళం నిజానికి యజమాని రక్షణ కోసం తయారీదారులు పెట్టిన సౌకర్యం. యజమాని దాన్ని ఎన్నడూ వాడలేదు కాబట్టి వచ్చినవాడు వాడాడు.

దాంతో నాలుగింట మూడొంతుల పరికరాలు మాట వినడం మానేశాయి. స్విచ్ నొక్కితే లైటు వెలగదు. మెయిన్ ప్యానెల్ దగ్గరికి వెళ్లి సర్క్యూట్ బ్రేకర్లు ఎత్తి దింపి లైట్లు వెలిగించుకోవలసి వచ్చింది. తాళం మాట తెలియకుండా కొత్త రాత రాయడం కుదరదు. అన్నీ పీకి కొత్తవి బిగించడమా, లేక దారి వెతకడమా? చివరికి ఆస్ట్రియాకు చెందిన లైమ్స్ సెక్యూరిటీ నిపుణులు కొన్ని పరికరాలు తెప్పించుకుని, వాటి చిప్‌లలోంచి ఆ తాళం మాటను తవ్వి తీశారు. అదృష్టం కొద్దీ దొరికింది. ఐరోపాలో అలాంటి దాడికే గురైన భవనాలు ఇంకా ఉన్నాయని ఆ నిపుణులే అప్పట్లో చెప్పారు. గమనించాల్సింది ఏమిటంటే, ఈ దాడిలో ఎవరూ డబ్బు అడగలేదు. సరదాకో, ప్రయత్నించి చూద్దామనో చేసిన పనిలా ఉంది. సరదాకే ఒక భవనం కళ్లు మూసుకుంటే, గిట్టనివాడు పూనుకుంటే ఏమవుతుంది?

ఫిన్‌లాండ్‌లోని లప్పేన్‌రాంట పట్టణంలో 2016 శరదృతువులో ఇంకో రకంగా జరిగింది. అక్కడ రెండు అపార్ట్‌మెంట్ భవనాలను వెచ్చగా ఉంచే కంట్రోలర్లు ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించి ఉన్నాయి. వాటి మీదికి పనికిమాలిన సందేశాలు వరదలా వచ్చి పడ్డాయి. తట్టుకోలేక కంట్రోలర్ రీస్టార్ట్ అయ్యేది. లేచేసరికి మళ్లీ వరద, మళ్లీ రీస్టార్ట్. వేడినీళ్లు ఆగాయి, బయట గడ్డకట్టే చలి. దాన్ని ఎవరూ హ్యాక్ చేయలేదు, తాళం పగలగొట్టలేదు. తలుపు కొట్టి కొట్టి లోపలివాణ్ని పనిచేయనివ్వలేదంతే. మన దగ్గర చలి అంత ఉండదు. ఆపరేషన్ థియేటర్ ఏసీకి, బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌కు మాత్రం ఎండాకాలం ఉంటుంది.

పెద్ద సంస్థలకు ఇలాంటివి జరగవనుకోవడమూ పొరపాటే. 2013లో సిడ్నీలోని గూగుల్ కార్యాలయ భవన నియంత్రణ వ్యవస్థలోకి ఇద్దరు పరిశోధకులు ఇంటర్నెట్ నుంచే ప్రవేశించి, అడ్మిన్ పాస్‌వర్డు పట్టుకుని, అంతస్తుల పటాలు చూసి, ఆ సంస్థకే తెలియజేశారు. అదే ఏడాది చివర్లో అమెరికా దుకాణాల సంస్థ టార్గెట్ నుంచి నాలుగు కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు వాడిన లాగిన్ ఆ సంస్థకు ఏసీ, ఫ్రిజ్‌ల పని చేసే చిన్న కాంట్రాక్టర్‌ది. ఏసీ కంట్రోలర్ నుంచే దొంగలు వచ్చారని ఆ కథ తరచూ చెబుతుంటారు, అది నిజం కాదు. బిల్లులు పంపుకోవడానికి ఇచ్చిన లాగిన్ అది. అయినా నేర్చుకోవాల్సింది మారదు. కాంట్రాక్టర్ తలుపు ఎంత గట్టిదో మన తలుపు అంతే గట్టిది.

"నిజామాబాద్‌ను ఎవరు పట్టించుకుంటారు, మన దగ్గర ఏముంది దోచుకోవడానికి" అనే మాట ఇక్కడ తప్పకుండా వినిపిస్తుంది. ఈ జిల్లాకు కరెంటు ఇచ్చే ఉత్తర పంపిణీ సంస్థనే తీసుకోండి. 2019 మే మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లు రాన్సమ్‌వేర్ బారిన పడ్డప్పుడు వాటిలో ఇదీ ఉంది. వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ సేవలు ఆగాయి. 2021 మార్చిలో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ రాష్ట్ర ట్రాన్స్‌కో, జెన్‌కోలను హెచ్చరించింది. చైనా వైపు నుంచి నడుస్తున్న సర్వర్లతో ఇక్కడి వ్యవస్థలు కొన్ని మాట్లాడుతున్నట్టు కనిపించిందని. అప్పుడు ట్రాన్స్‌కో ఆ చిరునామాలను అడ్డుకుంది, పాస్‌వర్డులు మార్చింది, ముందుజాగ్రత్తగా సర్క్యూట్ బ్రేకర్లను దూరం నుంచి నడిపే వీలును వేరు చేసిందని పత్రికల్లో వచ్చింది. చివరి మాట మీద ఆగి ఆలోచించాలి. రాష్ట్రానికంతటికీ కరెంటు మోసే సంస్థ, ప్రమాదం వాసన రాగానే, దూరపు పెత్తనాన్ని ఆపి చేతి పెత్తనానికి మారగలిగింది. ఆ మార్పు ఎలా చేయాలో తెలిసినవాళ్లు అక్కడ జీతం మీద ఉన్నారు కాబట్టి చేయగలిగింది. నిజామాబాద్‌లోని ఓ యాభై పడకల ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ఎలక్ట్రీషియన్‌కు ఆ మీట ఎక్కడుందో చూపించినవాళ్లున్నారా?

దాడి చేసేవాడు ఊరి పేరు చూసి రాడని కూడా అర్థం చేసుకోవాలి. బ్యాక్‌నెట్ పరికరాలు సాధారణంగా 47808 అనే పోర్టు మీద వింటుంటాయి. ఇంటర్నెట్ అంతటా ఆ పోర్టు తెరిచి ఉన్న చిరునామాలను వెతికి జాబితాగా చూపే శోధన యంత్రాలు ఎప్పట్నుంచో ఉన్నాయి. వాటి దృష్టిలో న్యూయార్క్ అయినా నవీపేట్ అయినా ఒక వరుసలో ఒక నంబరు. పైగా బ్యాక్‌నెట్ 1995లో ప్రమాణంగా వెలువడినప్పుడు అడిగేవాడెవడని తిరిగి అడిగే పద్ధతి దాని వాడుకలో లేదు. భవనంలోపలి తీగ మీద ఉన్నవాళ్లంతా మనవాళ్లే అనుకున్న కాలం అది. గుర్తింపు అడిగే సురక్షిత రూపం 2019, 2020 నాటికి గానీ ప్రమాణంలో చేరలేదు. ఇప్పటికీ తక్కువ ధరకు టెండరు వేసినవాడు తెచ్చేది చాలాసార్లు పాత రకమే.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని అలికిప్ప అనే చిన్న పట్టణ నీటి సంస్థలో 2023 నవంబరు 25న జరిగింది చూడండి. నీటి ఒత్తిడి పెంచే పంపుల కంట్రోలర్ తెరమీద ఇజ్రాయెల్‌ను దూషించే సందేశం ప్రత్యక్షమైంది. ఆ రకం కంట్రోలర్ల మీద దాడులకు కారణం కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును మార్చకపోవడమని అక్కడి ప్రభుత్వ సంస్థలు తేల్చాయి. ఆ పాస్‌వర్డు 1111. పట్టణానికి నీళ్లు ఆగలేదు, ఎందుకంటే సిబ్బంది వెంటనే వెళ్లి పంపును మాన్యువల్‌కు మార్చారు. కోస్లి దగ్గర గోదావరి నీళ్లను ఎత్తి పోసే అలీసాగర్ పథకం కింద సాగు చేసే రైతుకు ఈ వార్తలో ఏది ముఖ్యమో ఒకరు చెప్పనక్కర్లేదు. పంపు దగ్గర చేత్తో నడిపే వీలుంది, నడపడం తెలిసిన మనిషి ఉన్నాడు.

దూరం నుంచి చూసుకునే సౌకర్యమే వద్దని మేము అనడం లేదు. అలా అనేవాళ్లు నిజామాబాద్‌లో ఏసీ ప్లాంటు నడిపి ఉండరు. ఇంజినీరు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆయన బయల్దేరి వచ్చేసరికి సగం రోజు పోతుంది. ఫోన్లో చూసి "మూడో వాల్వు ఇరుక్కుంది, తీసి తుడవండి" అని చెప్పగలిగితే రోగికీ మేలు, యజమానికీ మేలు. కాని చూడటం వేరు, ఆజ్ఞాపించడం వేరు. టీకాల నిల్వలో ఈ తేడా మన దేశంలోనే పాటిస్తున్నారు. టీకాలు చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆరోగ్య కేంద్రాల్లోని ఫ్రిజ్‌లకు ఈవిన్ పథకం కింద ఉష్ణోగ్రత లాగర్లు పెట్టారు. వేడి హద్దు దాటితే లాగర్ సిబ్బంది ఫోనుకు సందేశం పంపుతుంది. ఫ్రిజ్‌ను ఆపడం, నడపడం దాని పని కాదు. వెళ్లి చూసి సరిచేసేది మనిషే. ఆస్పత్రి, కోల్డ్ స్టోరేజీ యజమానులు కాంట్రాక్టర్‌ను ఇదే అడగాలి: బయటినుంచి చూడనివ్వండి, ఆజ్ఞ మాత్రం భవనంలోపల ఉండనివ్వండి. అత్యవసరంలో బయటినుంచి ఆజ్ఞ కావాల్సి వస్తే, అడిగినప్పుడు మనం తెరిచి, పని అవగానే మనం మూసే దారి ఉండాలి. అగ్నిమాపక అలారం విషయంలో ఇందులో బేరమే లేదు. భవన కంట్రోలర్ దాని మాట వినవచ్చు గాని, దానికి ఆజ్ఞ ఇచ్చే స్థానంలో ఉండకూడదు.

ప్రభుత్వం వైపు నుంచి కూడా ఒక లోటు ఉంది. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు సైబర్ దాడిని గుర్తించిన ఆరు గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఐఓటీ పరికరాల మీద దాడులు, నియంత్రణ వ్యవస్థల మీద దాడులు ఆ జాబితాలో ఉన్నాయి. రాష్ట్రానికి సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది, 1930 నంబరు ఉంది. అవి ఎక్కువగా చూసేది డబ్బు పోయిన కేసులు. ఏసీ ఆగిపోతే ఎవరూ సైబర్ ఫిర్యాదు చేయరు, మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. దాడో, తప్పు సెట్టింగో, కాలిన బోర్డో తేల్చడానికి కావాల్సిన లాగ్ ఆ కంట్రోలర్‌లో ఎప్పుడూ ఆన్ చేసి ఉండదు. ఈ లోటు టెండరులోనే మొదలవుతుంది. భవనం కట్టేటప్పుడు టెండరు పత్రంలో సిమెంటు గ్రేడు, టైల్స్ మందం, వైరు కంపెనీ పేరు వరకు రాస్తారు. నెట్‌వర్క్ నిర్వహణ ఏ పద్ధతిలో ఉండాలి, డేటాబేస్ ఎవరి సొత్తు, పాస్‌వర్డు ఎవరికి అప్పగించాలి అన్న వాక్యం కనిపించడం అరుదు. ఆ ఒక్క పేజీ చేరిస్తే ఖర్చు పెరగదు. రోడ్లు, భవనాల శాఖ నమూనా టెండరులో దాన్ని చేరిస్తే కింది శాఖలన్నీ అదే రాసుకుంటాయి.

కట్టేసిన భవనాలకు కూడా ఇప్పుడేమీ ఆలస్యం కాలేదు. వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) రెన్యువల్ వచ్చే నెల ఏదో చూసుకోండి. ఆ సంతకానికి ముందే కంట్రోలర్ ఏ పద్ధతిలో ఉందో కాగితం మీద రాయించుకోండి. ఒక్కరే పెత్తనదారు ఉన్నారా, ఇద్దరా అడగండి. డేటాబేస్‌గానీ ప్రాజెక్టు ఫైలుగానీ పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, అది నిజంగా తెరుచుకుంటుందో వేరే కంప్యూటర్‌లో తెరిపించి చూడండి. తెరుచుకోని బ్యాకప్‌తో పిడుగు పడ్డ రోజున పని జరగదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్పించి, కొత్తది సీలు కవరులో మీ బీరువాలో పెట్టుకోండి. కేఎన్ఎక్స్ వాడే భవనమైతే బీసీయూ కీ బయటివాళ్లు వేయకముందే మీరు వేయండి. రౌటర్‌లో కంట్రోలర్‌కు వెళ్లే పోర్టు ఇంటర్నెట్ వైపు తెరిచి ఉందేమో ఊళ్లో ఇంటర్నెట్ చూసే కుర్రాడైనా అరగంటలో చెప్పగలడు.

అన్నిటికంటే ముందు ఒక పరీక్ష చేయండి. ముందుగా అందరికీ చెప్పి, ఒక ఆదివారం మధ్యాహ్నం, రోగులకో సరుకుకో ఇబ్బంది లేని వేళ, నెట్‌వర్క్ తీగ ఊడదీసి భవనాన్ని గంటసేపు చేత్తో నడపండి. జనరేటర్ ఎవరు వేస్తారు, చల్లనీటి వాల్వు ఎవరు తిప్పుతారు, ఆ చక్రం తుప్పు పట్టి తిరగడం మానేసిందా, అన్నీ ఆ గంటలో బయటపడతాయి. బయటపడినవి ఒక పుస్తకంలో రాసి, రాత్రి డ్యూటీవాళ్లకు చదివి వినిపించండి.

నిజామాబాద్, బోధన్, నవీపేట్‌లలో ఇకమీదట హ్యాండోవర్ అయ్యే ప్రతి పెద్ద భవనం విషయంలో మా విన్నపం ఒక్కటే. చివరి బిల్లు పాస్ చేసే అధికారి గానీ, యజమాని గానీ ఆ ఫైలును, ఆ పాస్‌వర్డును, ఆ మాన్యువల్ మీటను తన కళ్లెదుట పనిచేయించి చూసిన తర్వాతే సంతకం పెట్టాలి. అప్పటిదాకా కాంట్రాక్టర్ డిపాజిట్టు విడుదల చేయకండి.